తిత్తి నా చేతిలో లేని రోజు

శనివారం, 26 మే 1962. నెల్లూరు, మా ఇంటి వసారా, ఉదయం తొమ్మిది గంటలు. ఉన్నవారు: నాయన దానియేలు, నాటకాల హార్మనిస్టు శేషయ్య, అల్లూరు పక్క పాలెం నుంచి సంఘం తరఫున వచ్చిన సువార్తమ్మ, ఏసుపాదం మాస్టరు, నేను. అమ్మ తలుపు వెనక. రోహిణి కార్తె, ఎండ తీవ్రం. శేషయ్య హార్మణీ చూశాము. మంచిది. పట్టుకుపోయారు.

ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇంతే. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. పద్నాలుగో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. వాన పడితే ఎన్ని గంటలకు పడిందీ, ఇంటికి ఎవరొచ్చిందీ, ఏం వండిందీ చూసింది చూసినట్టు రాశాను. చాలా సంగతులు రాయకుండా వదిలేసి ఉంటాను గాని, తెలిసి అబద్ధం రాసింది ఒక్కసారే. పైన ఉన్న చిన్న వాక్యాల్లో 'మంచిది' అన్నది ఆ అబద్ధం.

ఈ డైరీని మళ్ళీ బయటికి తీయడానికి కారణం మా మనవరాలు. అది చర్చి క్వయిరులో బేస్ గిటారు వాయిస్తుంది. పోయిన నెల ఫోనులో బొమ్మ చూసి, ఎవరో అమ్ముతున్న పాత బేస్ గిటారూ, దానితో పాటు కాలితో నొక్కే ఒక పెడలూ కొందామని బయల్దేరింది. తోడు నన్ను రమ్మంది. అమ్మే ఆయన మర్యాదస్థుడు. కాఫీ ఇచ్చాడు, తన వైరు తగిలించి తనే వాయించి చూపించబోయాడు. ఇది, "వద్దంకుల్, నా వైరు నేను తెచ్చుకున్నా, నేనే వాయించి చూసుకుంటా" అంది. సంచిలోంచి తన వైరు తీసి, తన బ్యాటరీ తీసి పెడలులో వేసుకుని, ఒక్కో తీగనూ ఒక్కో మెట్టు దగ్గరా నొక్కి అరగంట సేపు విన్నది. ఒకచోట బరబర వస్తోందని అతని ముఖం మీదే చెప్పింది. అతనేమీ నొచ్చుకోలేదు. ధర తగ్గించాడు, తెచ్చుకున్నాము. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఆ పెడలు ఒళ్ళో పెట్టుకుని వీధి వైపే చూస్తూ కూర్చున్నాను. తాతకు ఒంట్లో బాగాలేదేమోనని అది అనుకున్నది.

మా నాయన పాత హార్మణీలు కొని, బాగుచేసి అమ్మేవాడు. ఎవరైనా వేరేచోట కొనుక్కుంటుంటే వెళ్ళి విలువ కట్టి చెప్పేవాడు కూడా. మా ఊళ్ళో దాన్ని హార్మణీ అనేవాళ్ళు తక్కువ, పెట్టె అనేవాళ్ళు. నాయన పేరు పెట్టెల దానియేలు. వసారాలో ఎప్పుడూ మూడు నాలుగు పెట్టెలు మూతలు తీసి, పొట్టలు కనిపిస్తూ పడి ఉండేవి. చెక్కలు అతికే వజ్రం బంక ఉడుకుతున్న వాసన, తిత్తికి వేసే మేకతోలు వాసన, స్పిరిట్టు వాసన, చిమ్మటలు రాకుండా పెట్టెల్లో వేసే కలరా ఉండల వాసన కలిసిపోయి అమ్మ వండే పులుసులోకి కూడా వచ్చేవి. సముద్రపు గాలి పెట్టెలకు శత్రువు. జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చిన పెట్టె అని నాయన మూత తీయకుండానే చెప్పేవాడు. లోపల గాలికి పలికే ఇత్తడి రీడుకు పట్టే చిలుముకు కూడా ఒక వాసన ఉంటుందనేవాడు.

పెట్టెకు విలువ కట్టడంలో ఆయనకొక వరస ఉండేది. అమ్మేవాణ్ణి వాయించనిచ్చేవాడు కాదు. "నువ్వు బాగా వాయిస్తావని నాకు తెలుసబ్బా, నీ పెట్టె ఎట్టా వాయిస్తదో చూడనీ" అనేవాడు. ముందు తిత్తి నిండా గాలి పట్టి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలి, అది తనంతట తాను కిందికి దిగడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టేవాడు. తరువాత ఎడమ చివర నుంచి కుడి చివరకు ఒక్కొక్క మెట్టూ నొక్కి, అది పూర్తిగా పలికి ఆగేదాకా రెండోదాని జోలికి పోయేవాడు కాదు. ఏ మెట్టయినా అనుమానంగా పలికితేనే మరలు విప్పి రీడు పలక బయటికి తీసేవాడు. మంచి పెట్టెను ఊరికే విప్పితే గాలి కట్టు చెడుతుందని ఆయన నమ్మకం. అంతా అయ్యాక నచ్చితే ఒక్కటే మాట: "పట్టుకుపోండి." ఆ మాట మీద మూడు తాలూకాల్లో నాటకాలవాళ్ళూ, భజనలవాళ్ళూ, మా క్రైస్తవ సంఘాలవాళ్ళూ పెట్టెలు కొనేవాళ్ళు.

ఆయనకు చెవులు తగ్గడం ఎప్పుడు మొదలైందో డైరీలో వెతికాను, దొరకలేదు. అది ఒక తేదీన జరిగిన సంగతి కాదు. మొదట అమ్మ వంటింట్లోంచి పిలవడం మానేసి, కాఫీ గ్లాసు పట్టుకొచ్చి భుజం తట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. తరువాత నాయన దీపాలు పెట్టాక వచ్చిన బేరాలను పొద్దున్నే రమ్మని పంపేస్తూ వచ్చాడు. మనుషుల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడని, చీకట్లో పెదవులు కనపడవని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చెవుడు అన్న మాట మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ అనలేదు. చెవి లేని పెట్టెల దానియేలు దగ్గరికి ఎవరొస్తారు? ఆ ప్రశ్న ముగ్గురికీ తెలుసు. అందుకే ముగ్గురమూ అడగలేదు.

పెట్టె వెనక కూర్చుని తిత్తి ఆడించేది నేనే. ఒకరోజు గూడూరు నుంచి వచ్చిన పెట్టె చూస్తున్నాము. ఒక మెట్టు బొంగురుగా పలికింది. నాయన పట్టించుకోకుండా పక్క మెట్టుకు పోబోయాడు. నా చెయ్యి దానంతట అదే ఆగింది. గాలి తగ్గింది. నాయన ఎడమ అరచెయ్యి పెట్టె చెక్క మీద ఆనించి ఉంది, ఆ తేడా ఆయనకు తెలిసింది. వెనక్కి వచ్చి అదే మెట్టు మళ్ళీ నొక్కాడు. నేను మళ్ళీ ఆగాను. "ఇది విప్పాల" అన్నాడు అమ్మేవాడితో, నా వైపు చూడకుండా. ఆ రోజు నుంచి రెండేళ్ళు అలాగే జరిగింది. మెట్టు మంచిదైతే నా చెయ్యి ఆడుతూనే ఉంటుంది, చెడ్డదైతే ఒక్క ఊపిరి సేపు ఆగుతుంది. ఇద్దరమూ ఆ సంగతి ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఒక్క పెట్టె కూడా తప్పు పోలేదు.

ఇక పాలెంవాళ్ళ సంగతి. మా సంఘాల్లో పిడికెడు బియ్యం అని ఒక ఏర్పాటుండేది. ఇంటి ఆడమనిషి పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు కడిగే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన ఉంచిన దేవుని కుండలో వేస్తుంది. వారానికొకసారి సువార్తమ్మ గోతం పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ కుండలు వంపుకుపోతుంది. ఆమెకు అప్పుడు అరవై ఉంటాయేమో, విధవరాలు, చదువు రాదు, కీర్తనలన్నీ నోటికొచ్చు. ఆ పాలెంలో అందరూ నాట్లకూ కోతలకూ పోయే కూలివాళ్ళు. పనులు లేని నెలల్లో గంజిలోకి వేసే బియ్యంలోంచి కూడా పిడికెడు తీసిన ఇళ్ళున్నాయి. పిల్లలు కుండ వైపు చూడకుండా దానికి గుడ్డ కట్టిన ఇల్లు ఒకటుందని సువార్తమ్మే అమ్మతో చెప్పింది. అలా రెండేళ్ళ బియ్యం అమ్మి, ఆ డబ్బుతో తమ గుడికి, అంటే చర్చికి, ఒక పెట్టె కొనుక్కుందామని వచ్చారు.

శేషయ్య పనిచేసిన నాటక కంపెనీ ఆ వేసవిలో మూతపడింది. తెర, కిరీటాలు, కత్తులు ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకుపోయారు. జీతానికి బదులు శేషయ్యకు పెట్టె మిగిలింది. నాయనకు పాత స్నేహితుడే. సన్నగా, నల్లగా, ఎప్పుడూ తాంబూలంతో ఎర్రబడ్డ నోటితో ఉండేవాడు. ఆ రోజు వక్క లేదు, పెదవులు తెల్లగా ఉన్నాయి. అతని చొక్కా భుజం దగ్గర వేరే రంగు దారంతో కుట్టి ఉండటం చూశాను.

నా సంగతి కూడా రాయాలి. ఆ వారమే నాకు సర్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి ఉత్తరువు వచ్చింది. చేరవలసింది కడపలో. ఇంట్లో ఇంకా చెప్పలేదు, కాగితం చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను. నాయన చెవుల సంగతి నలుగురిలో బయటపడితే నేనిక ఆ పెట్టెల వెనక నుంచి లేవలేనని నాకు తెలుసు. ఆయన చెవులుగా ఆ వసారాలోనే ఉండిపోవాలి. వజ్రం వాసన నాకు అసహ్యమైపోయింది అప్పటికి.

శేషయ్య పెట్టెను వసారాలో చాప మీద దించారు. సువార్తమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏందన్నా, పెట్టెకు పెళ్ళిచూపులా? ఇంతమంది కూచున్నారు?" అన్నది.

"పెళ్ళిచూపులే సువార్తమ్మా" అన్నాడు నాయన ఆమె పెదవుల వైపు చూసి. "పళ్ళు లెక్కబెట్టి గాని పంపను."

"మా మాస్టరుకు తొందరగా ఉండాది. రాత్రంతా నిద్ర పోలేదంట."

"నేనెప్పుడు చెప్పినాను నీకట్టా?" అని ఏసుపాదం మాస్టరు సిగ్గుపడ్డాడు. ఆయన పాలెం బడిలో పంతులు. వాయించడం వచ్చిన మనిషి వాళ్ళలో ఆయనొక్కడే.

నేను అలవాటుగా పెట్టె వెనక్కి వెళ్ళాను. శేషయ్య నాకంటే ముందు అక్కడ కూర్చున్నాడు. "నువ్వు లేరా దాసూ" అన్నాడు. "ఇరవై ఏండ్లు నా చేతిలో ఆడిన తిత్తి ఇది. ఆఖరిసారి నేనే గాలి కొడతా. అన్నా, నువ్వు మెట్లు చూసుకో. ఇదొక్కటి నాకు వదిలెయ్."

నాయనకు ఆ మాటలన్నీ అందాయో లేదో తెలియదు. శేషయ్య తల వంచుకుని మాట్లాడాడు. కాని అతను ఎక్కడ కూర్చున్నదీ నాయన చూశాడు. ఒక క్షణం ఆయన చెయ్యి మెట్ల మీద ఆగింది. అప్పుడు వద్దని ఉండవచ్చు. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆయన మొదటి మెట్టు నొక్కాడు.

శేషయ్య మా సంగతి తెలిసే అక్కడ కూర్చున్నాడా అని అరవై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. తెలిసే అనుకుంటాను కొన్నాళ్ళు. మరి కొన్నాళ్ళు, పెట్టెను వదులుకుంటున్న మనిషి నిజంగానే ఆఖరిసారి తిత్తి పట్టుకున్నాడనుకుంటాను.

ఎడమ వైపు మెట్లు బాగానే పలికాయి. నడిమికి వచ్చేసరికి ఒక మెట్టు ఆలస్యంగా నోరు తెరిచింది. చాలా కొంచెం ఆలస్యం, నిద్రలో ఉన్నవాణ్ణి పిలిస్తే పలికినట్టు. ఒకటి తరువాత మరొకటి. అలాంటివి ఆరు లెక్కపెట్టాను. అవి ఎందుకలా పలుకుతాయో నాకు నాయనే నేర్పాడు. రీడు అరిగి శ్రుతి పెరిగిపోయినప్పుడు నాటకాలవాళ్ళు దాని కొస మీద చిటికెడు మైనం అంటిస్తారు. ఆ బరువుకు రీడు ఆలస్యంగా పలికినా శ్రుతి దిగుతుంది, ఆ రాత్రి పద్యాలకు సరిపోతుంది. ఎండ తగిలితే మైనం కరుగుతుంది, రీడు అంటుకుపోయి మూగబోతుంది, లేదా పాత శ్రుతికే లేస్తుంది. మంచి రీడు కొని వేస్తే గాని ఆ పెట్టె పనికిరాదు, కొత్త రీడ్లకు పాలెంవాళ్ళ దగ్గర ఇక బియ్యం లేదు.

శేషయ్య చెయ్యి ఎక్కడా ఆగలేదు. చివరి మెట్టు అయ్యాక నాయన తలెత్తి నన్ను చూశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. "నాయనా, నడిమి మెట్లు ఇంకోసారి చూడు." ఆ మాటంటే సువార్తమ్మ అడుగుతుంది, ఏం, ఆయన వినలేదా అని. నేను చాప అంచు వైపు చూశాను. మా పద్ధతిలో నేను ఆపకపోతే పెట్టె మంచిదని అర్థం.

"పట్టుకుపోండి" అన్నాడు నాయన.

సువార్తమ్మ కొంగుతో కళ్ళద్దుకుంది. మాస్టరు వాయించి చూస్తానని చెయ్యి చాపితే కొట్టినంత పని చేసింది. "పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి ప్రతిష్ఠించందే ఎవురూ ముట్టేది లేదు. రేపు గుళ్ళో వాయిద్దువులే" అన్నది. కొత్త దుప్పటిలో పెట్టెను చుట్టి తాడు కట్టింది. పన్నెండు గంటల బస్సుకు పోయారు. బస్సు లోపల చోటు లేదని పెట్టెను టాపు మీద వేయించింది నేనే. నేనే ఎక్కి కట్టాను. రేకు చేతికి కాలింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నాయన రెండు ముద్దలు తిని ఆగాడు. ఎదురుగా కూర్చున్న నా ముఖం చూస్తూ, "మెట్లన్నీ సమంగా పలికినాయి గదరా?" అన్నాడు. అంతవరకూ ఆయన నన్ను అలాంటి మాట అడిగి ఎరగడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "తిత్తి నీ చేతిలో ఉంటే నాకు..." అని మొదలుపెట్టి పూర్తి చేయలేదు. "ఏమన్నా ఉంటే చెప్పు. సాయంత్రం బస్సుకు పోయి వెనక్కి తెచ్చుకుందాం. శేషయ్యతో నేను మాట్లాడుకుంటా."

"పలికినాయి నాయనా" అన్నాను, పెదవులు బాగా కదిలేటట్టు.

ఆయన మళ్ళీ కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నాడు. నేను చేతులు కడుక్కుని వెళ్ళి డైరీలో 'మంచిది' అని రాశాను.

ఈ రోజుల్లో అమ్మేవాడి వైరు వద్దనడం తప్పు కాదు. మా మనవరాలికి అది మర్యాదకు సంబంధించిన సంగతే కాదు. వస్తువులో లోపం ఉంటే ఉందంటారు, ధర తగ్గుతుంది, అంతే. ఇంకో సంగతి, నాకిప్పుడు రెండు చెవులకూ వినికిడి మిషన్లున్నాయి. అందరికీ కనపడేటట్టే పెట్టుకుంటాను, ఎవరూ నా పెన్షను ఆపలేదు. ఆ కాలం గొప్పదని మా ఈడువాళ్ళు అంటుంటారు. ఒక్క మాట మీద బేరాలు జరిగేవని. నిజమే, జరిగేవి. ఆ మాట నిలబెట్టడానికి ఒక ఇల్లంతా నోరు మూసుకుని బతకవలసి వచ్చేదని మాత్రం ఎవరూ చెప్పరు. నేను కడపకు పోయాను. ముప్పై ఎనిమిదేళ్ళు సర్వే ఆఫీసులో ఉన్నాను. పొలం గట్టు కొలత గొలుసులో ఒక్క లింకంత తప్పు పడితే మళ్ళీ కొలిపించేవాణ్ణి. జాగ్రత్త గల మనిషినని పేరు తెచ్చుకున్నాను.

ఆ శనివారానికి మర్నాడు ఆదివారం, పెట్టె ప్రతిష్ఠకు పిలిచారని, మొదటి బస్సుకు నాయనా నేనూ అల్లూరులో దిగి పాలేనికి నడిచాము. ఎనిమిది గంటలకే ఎండ కాలుతోంది. తాటాకు కప్పిన గుడి. ముందు వరసల్లో బియ్యం వేసిన ఆడవాళ్ళు, తలలకు నూనె రాసుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని కూర్చున్నారు. నాయనకు బల్ల పక్కన కుర్చీ వేసి, మెడలో బంతిపూల దండ వేశారు. నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టారు. అయ్యగారు పెట్టె మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు. సువార్తమ్మ తన చేతులతో దుప్పటి విప్పింది. మాస్టరు తిత్తి ఆడించాడు.

మొదటి చరణం సగం దాకా బాగానే ఉంది. తరువాత ఒక మెట్టు పలకలేదు. దాని పక్కది కీచుమని ఎక్కువ శ్రుతిలో లేచింది. మాస్టరు తడబడి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి మూడు మెట్లు మూగబోయాయి. పాట మధ్యలో గుంటలు పడ్డాయి. పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. మాస్టరు చెమటలు కక్కుతూ నొక్కుతూనే ఉన్నాడు, పెట్టె గాలిని మింగి ఊరుకుంటోంది. ఎవరో పిల్లవాడు నవ్వితే వాళ్ళమ్మ నోరు మూసింది.

నాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. మెడలో దండతో, సంతోషంగా, తల మెల్లగా ఊపుతున్నాడు. పెట్టె ఆగిపోయాక కూడా ఊపుతూనే ఉన్నాడు.

గుడిలో ఉన్నవాళ్ళందరూ పెట్టెను వదిలి ఆయన్ను చూశారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి అందరి ముఖాలూ చూశాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

సువార్తమ్మ లేచి మా ముందుకొచ్చింది. కోపం లేదు ఆమె ముఖంలో. కాసేపు నాయనను చూసి, నా వైపు తిరిగింది.

"ఆయనకు వినపడదు, సరే" అన్నది. "నీకు వినపడింది గదా అబ్బయ్యా?"

నాయన నా ముఖం వైపే చూస్తున్నాడు. తల పక్కకు తిప్పుకుని చెప్పవచ్చు. తిప్పుకోలేదు.

"వినపడింది" అన్నాను.

ఆయన ఆ మాటను నా పెదవుల మీద చదువుకున్నాడు. అప్పుడు నవ్వు పోయింది. దండ తీసి కుర్చీ మీద పెట్టి లేచాడు. తన గొంతు తనకు వినపడదు గనక అవసరమైనదానికంటే గట్టిగా, వీధిలోకి వినపడేంత గట్టిగా చెప్పాడు.

"నాకు చెవులు పోయి మూడేండ్లయింది తల్లీ. చెప్పకుండా మీ పెట్టె చూసినాను. తప్పు నాది. మా ఇంట్లో నా సొంత పెట్టె ఒకటుండాది, రేపు తెచ్చిస్తా." ఆగి, నా వైపు చూడకుండా ముందు వరసల్లోని ఆడవాళ్ళ వైపు చూసి అన్నాడు: "తీసుకునే ముందర దాన్ని ఇంకెవురి చేతనన్నా చూపించుకోండి."